పళ్ళ మేస్త్రి అల్మరా

ఆ వీధిలో ఎవరికైనా ఒక పన్ను కదిలితే డాక్టరు గుర్తొస్తాడు. ఉన్నవన్నీ రాలిపోయాక మాత్రం అందరికీ గుర్తొచ్చేది పళ్ళ మేస్త్రే. ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది, కరెంటు బిల్లు మీద అదే అచ్చవుతుంది కూడా. కానీ ముప్ఫై నాలుగేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తూ, విరిగిన సెట్లు అతుకుతూ, వదులైనవి బిగిస్తూ బతికే మనిషిని జనం ఇంకేమని పిలుస్తారు? భార్య కూడా కోపం వచ్చినప్పుడు "ఏమండీ మేస్త్రిగారూ" అనే మొదలుపెడుతుంది. అలా మొదలుపెట్టిందంటే ఆయన చేతిలో పని కింద పెట్టి వినాల్సిందే.

ఇంటి ముందుగదే ఆయన కొట్టు. కిటికీ పక్కన పొడుగాటి బల్ల, బల్ల మీద మెరుగుపెట్టే మోటారు, దాని చుట్టూ ఎంత తుడిచినా పోని తెల్లటి సుద్దపొడి. ఒక మూల మైనం కరిగించే చిన్న దీపం, ఇంకో మూల వచ్చినవాళ్ళు కూర్చోవడానికి రెండు కుర్చీలు. ఆ సుద్ద ఆయన కనుబొమల మీద కూడా పేరుకుని ఉంటుంది గనక నలభై ఏళ్ళప్పుడే ఆయనకు అరవై ఏళ్ళవాడి మర్యాద దక్కింది. ఇప్పుడు యాభై ఎనిమిది. పనితనంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఆయన కట్టిన పళ్ళతో పల్లీలు నమిలేవాళ్ళున్నారు, సన్నాయి ఊదేవాడొకడున్నాడు. ఒక జంట అయితే ఆ పళ్ళతోనే పదేళ్ళుగా ఒకరినొకరు సాధించుకుంటున్నారు, ఒక్క సెట్టూ జారలేదు.

ఇన్ని సుగుణాలున్న మనిషికి ఒక్కటే జబ్బు. పని అయిపోయినా వస్తువు చేతికివ్వడు, రేపు రమ్మంటాడు.

బద్ధకమైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. ఈయన పనిలో మహా చురుకు. విరిగిన సెట్టు వచ్చిందంటే ముక్కలు రెండూ జతచేసి, అడుగున సుద్దతో అచ్చు పోసి, విరిగిన అంచులు అరగదీసి, గులాబిరంగు పొడిని మందుతో తడిపి పగుల్లో నింపి, గట్టిపడ్డాక ఆకురాయితో రాసి, మోటారు మీద మెరుగుపెట్టేదాకా అంతా కలిపి గంటన్నర. రెండు గంటలైతే ఎక్కువ. ఆ తర్వాత ఆ పళ్ళు ఒక చిన్న నీళ్ళగిన్నెలోకి, ఆ గిన్నె గోడకున్న అద్దాల అల్మరాలోకి వెళ్తాయి. గిన్నెకు ఒక చీటీ. అక్కడ తెల్లారేదాకా ఉంటాయి. ఎప్పుడు చూసినా ఆ అల్మరాలో అయిదారు గిన్నెలు, వాటిలో అయిదారు నవ్వులు.

నర్సుగా పెద్దాస్పత్రిలో పాతికేళ్ళుగా చాకిరీ చేస్తున్న భార్యకు ఆ అల్మరా చూస్తే ఒళ్ళు మండేది. జబ్బు నయమైన రోగిని ఒక్క పూట మంచం మీద ఎక్కువ ఉంచితే మా పెద్ద డాక్టరు మా తాట తీస్తాడు, మీ వార్డులో అందరూ నయమైనవాళ్ళే, ఒక్కరికీ డిశ్చార్జి లేదు, అని ఎద్దేవా చేసేది. ఆయన మోటారు స్విచ్చి వేసేవాడు. మోటారు తిరుగుతుంటే మాటలు వినపడవు గదా.

ఈ అలవాటు వెనక ఒక గాయం ఉంది. కొట్టు పెట్టిన మొదటి వారంలో ఒక లెక్కల మాస్టారు విరిగిన పళ్ళు పట్టుకొచ్చాడు. కుర్ర ఉత్సాహం, చేతిలో కొత్త విద్య. మాస్టారు కుర్చీలో కూర్చుని పేపరు తిరగేసేలోపు మన మేస్త్రి పని ముగించి, తళతళలాడే సెట్టు ఆయన చేతిలో పెట్టాడు. మెచ్చుకుంటాడని మొహం చూశాడు. మాస్టారు సెట్టు చూడలేదు, గోడ గడియారం చూశాడు. ఇంతేనా, ఇంత తొందరగా అయిపోయేదైతే ఇంట్లో నేనే అతికించుకునేవాణ్ణే, అనేసి వెళ్ళాడు. ఆ మాట మేస్త్రికి మూడు రోజులు అన్నం సయించనివ్వలేదు. పని నేర్పిన గురువు దగ్గరికి వెళ్ళి చెప్పుకుంటే ఆ పెద్దాయన పగలబడి నవ్వాడు. పిచ్చివాడా, పని నువ్వు ఎంత వేగంగానైనా చెయ్యి, జనం కంటికి మాత్రం నెమ్మదిగా కనపడాలి, ఒక రాత్రి మన దగ్గర పడుకుంటేనే ఆ పళ్ళకు మర్యాద, అని బోధించాడు. శిష్యుడు గురువు చెప్పినవాటిలో చాలా మర్చిపోయాడు గాని ఈ ఒక్కటి మాత్రం తు.చ. తప్పకుండా పాటించాడు.

పాటించినందుకు ఊళ్ళో వాళ్ళ అవస్థలు ఎన్నని చెప్పను. ఒక తాతగారు మనవడి పెళ్ళి ఫోటోల్లో మొదటినుంచి చివరిదాకా మూతి బిగించుకుని, పెళ్ళి ఇష్టంలేనివాడిలా పడ్డాడు. పెళ్ళికూతురి తరఫువాళ్ళు ఇప్పటికీ దాని గురించి ఆరా తీస్తుంటారు. ఒక ఉపన్యాసకుడు పళ్ళు అందక సభ వాయిదా వేసుకున్నాడు. దానికి మాత్రం సభకు రావలసినవాళ్ళు మేస్త్రికి కృతజ్ఞతలు చెప్పుకున్నారు. మిగతావాళ్ళంతా జావ తాగి, ఇంకో రాత్రి గడిపి, పొద్దున్నే వచ్చి గిన్నెలోంచి తమ నవ్వు తాము తీసుకుని, పాపం ఎంత కష్టపడ్డారో మేస్త్రిగారు, అని దండం పెట్టి వెళ్ళేవాళ్ళు. ఆ దండం కోసమే ఇదంతా.

ఇలా ఉండగా ఒక ఆదివారం మేస్త్రి దంపతులు ఎప్పట్లాగే ప్రార్థనకు వెళ్ళారు. ఆ వేళ పాస్టరుగారు ఎత్తుకున్న సంగతి పొరుగువాడి అవసరం. పొరుగువాడు అడగడానికి వచ్చినప్పుడు, అడిగింది మన చేతిలోనే ఉండగా, వెళ్ళి మళ్ళీ రమ్మని తిప్పి పంపడం దేవుడికి గిట్టని పని అని చెప్పాడు. చెయ్యగలిగిన మేలు చెయ్యకుండా ఆపడం కూడా ఒకరకంగా లాక్కోవడమే అన్నాడు. మేస్త్రి మొదటి వరసలో కూర్చుని తల తెగ ఊపాడు. ఆయన మనసులో నీళ్ళ కుళాయి బాగుచేసేవాడు మెదిలాడు, నెల్లాళ్ళుగా రేపు వస్తానంటున్నాడు వెధవ. సర్టిఫికెట్టు కోసం నాలుగుసార్లు తిప్పిన ఆఫీసు గుమాస్తా మెదిలాడు. వీళ్ళంతా ఇవాళ వచ్చి వినాల్సింది అని బాధపడ్డాడు. పక్కనుంచి నర్సమ్మ మోచేత్తో పొడిచింది. ఆయన కాస్త జరిగి కూర్చున్నాడు, చోటు చాల్లేదేమో అనుకుని. పాస్టరుగారికి పోయిన నెలే రెండు ముందుపళ్ళు కట్టింది ఈయనే. అవి కూడా ఒక శనివారమంతా అల్మరాలో కూర్చుని, ఆదివారం పొద్దున ప్రార్థనకు అరగంట ముందు విడుదలయ్యాయి. ఆ మాటలు చెబుతున్నంతసేపూ పాస్టరుగారి చూపు ఎక్కువగా మొదటి వరస మీదే ఉంది. మేస్త్రి దాన్ని అభిమానం అనుకున్నాడు.

మర్నాడు సోమవారం. పొద్దున తొమ్మిదింటికి ఎక్స్‌ఛేంజి పిన్ని వచ్చింది.

ఎక్స్‌ఛేంజి పిన్నిది గోడకు అవతలి ఇల్లు. వయసు డెబ్భై ఆరు. టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు తీగలు కలిపిన మనిషి. ఊరందరి గొంతులూ ఆవిడకు తెలుసు, ఆవిడ గొంతు ఊరందరికీ తెలుసు. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. చీరకు ఇస్త్రీ లేకుండా, తలకు దువ్వెన పడకుండా గుమ్మం దాటి ఎరగదు. అలాంటి ఆవిడ ఆ వేళ నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, ఇంకో చేతిలో కాగితం పొట్లంతో వచ్చింది. పొట్లంలో పైసెట్టు, రెండు ముక్కలు. బాగా మెరవాలని బ్రష్షుతో గట్టిగా తోముతుంటే సబ్బు నురగ చేతిలోంచి సెట్టు జారి తొట్టి అంచుకు తగిలిందట.

"ఇవాళే కావాలి అబ్బాయ్," అంది రుమాలు చాటునుంచి. "మూడింటిలోపు అయితే చాలు."

మేస్త్రి ముక్కలు రెండూ వెలుతురులో పెట్టి చూశాడు. విరుపు తిన్నగా ఉంది, చిన్నపిల్లాడి ఆట. ఆ పళ్ళు ఆయనకు బాగా తెలుసు. ముందు పన్ను ఒకటి కాస్త పక్కకు తిరిగి ఉంటుంది. సొంత పన్ను అలాగే ఉండేదని ఆవిడే పట్టుబట్టి పెట్టించుకుంది. చాలా కష్టం పిన్నీ, చూద్దాం, రేపు పొద్దున పదింటికైతే ఖాయం, అన్నాడు మొహం గంభీరంగా పెట్టి. ఎందుకు కావాలని అడగలేదు. అడిగితే కారణం వినాలి, విన్నాక కాదనడం కష్టం. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన నేర్చుకున్న కిటుకుల్లో అదొకటి. పిన్ని కూడా చెప్పలేదు. మధ్యాహ్నం ఒకసారి వచ్చి చూస్తానని మాత్రం అంది.

పదకొండున్నరకల్లా పని అయిపోయింది. అతుకు ఎక్కడుందో అతికిన తనకే వెతికితే గాని దొరకలేదు. మురిసిపోయి, గిన్నెలో నీళ్ళు పోసి, పళ్ళు వేసి, అల్మరాలో పై అరలో పెట్టాడు.

రెండింటికి పిన్ని మళ్ళీ వచ్చింది. ఈసారి మంచి చీర కట్టుకుంది, చేతికి గడియారం పెట్టుకుంది. ఏమైంది అబ్బాయ్ అని అడిగింది. ఇంకా ఆరాలి పిన్నీ, తొందరపడితే అతుకు నిలవదు, రేపు పొద్దున, అని ఆయన నాలుక దానంతటదే చెప్పేసింది. పిన్ని ఆయన భుజం మీదుగా గోడవైపు చూసింది. నోటికున్న రుమాలు కాస్త దించబోయి, మళ్ళీ పైకి జరుపుకుంది. బతిమాలుతుందని, కనీసం విసుక్కుంటుందని మేస్త్రి సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ మాత్రం, సరేలే, అని గుమ్మం దిగింది. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఆయనకే కొంచెం వెలితిగా అనిపించింది.

మూడున్నర దాటాక నర్సమ్మ డ్యూటీ దిగి వచ్చింది. చెప్పులు విప్పుతూ అల్మరావైపు చూసింది. ఒక చెప్పు చేత్తోనే పట్టుకుని దగ్గరికి వెళ్ళి మళ్ళీ చూసింది.

"ఏమండీ మేస్త్రిగారూ."

ఆయన ఆకురాయి కింద పెట్టాడు.

"పిన్ని పళ్ళు ఇక్కడున్నాయేమిటి?"

రేపు తీసుకెళ్తుందన్నాడు. నర్సమ్మ కుర్చీలో కూలబడింది. ఆవిడ చెప్పిన సంగతి ఇది. పిన్నికి ఒక్కతే అక్క ఉంది, ఎనభై దాటింది. పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఎవరి పెళ్ళిలోనో అందరూ ఫోటోకి నిలబడితే, అప్పుడే కొత్తగా పళ్ళు పెట్టించుకుని సంబరంగా నవ్విన చెల్లెల్ని చూసి, నువ్వు నవ్వకే, ఫోటో పాడవుతుంది, అందట అక్క. రెండువందల మంది ఘొల్లుమన్నారట. పిన్ని ఆ ఫోటోలోంచి పక్కకు తప్పుకుంది, అక్క జీవితంలోంచి కూడా తప్పుకుంది. ఆ అక్క ఇప్పుడు ఇల్లు ఖాళీ చేసి, ఎక్కడో దూరాన ఉన్న కూతురి దగ్గర ఉండిపోవడానికి వెళ్తోంది. బస్సు ఈ ఊళ్ళో సరిగ్గా నాలుగింటికి ఆగుతుంది, పది నిమిషాలు. చెల్లెల్ని ఒక్కసారి చూడాలనుందని కూతురిచేత ఫోను చేయించింది. ఇక ఈ దారిన ఆవిడ మళ్ళీ వచ్చేది లేదు.

"నాకు చెప్పలేదే," అన్నాడు మేస్త్రి.

"మీరు అడిగారా?"

ఆయన బల్ల మీది సుద్దపొడి తుడవడం మొదలుపెట్టాడు.

"బోసినోటితో దాని ముందు నిలబడను, చచ్చినా నిలబడను అంది పొద్దున డ్యూటీకి వెళ్తున్న నాతో. నిన్న తల అంత ఊపారు కదండీ. ఎవరి తరఫున ఊపినట్టు?"

గడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. మేస్త్రి గిన్నెలోంచి పళ్ళు తీసి, తడిగుడ్డలో చుట్టి, చొక్కా పైజేబులో వేసుకుని స్కూటరు తీశాడు. పిన్ని ఇంటికి తాళం ఉంది. వెళ్ళిందన్నమాట. ఇక బస్టాండుకే. ఆ స్కూటరు ఆయనకన్నా నింపాది. దారిలో గేదెలాంటి లారీ ఒకటి సందుకు అడ్డంగా వెనక్కి తిరుగుతూ అయిదు నిమిషాలు మింగింది. ఆయన హారను కొట్టాడు, అరిచాడు, లారీవాడు తాపీగా చెయ్యి ఊపి, అవుతుంది అవుతుంది, ఆగండి, అన్నాడు. ఆ ఆగండి అన్న మాట ఇటువైపు నిలబడి వింటే ఎలా ఉంటుందో మేస్త్రికి అప్పుడు తెలిసింది. జేబులో పళ్ళు స్కూటరు ఎగిరినప్పుడల్లా గుండె మీద కొరుకుతున్నాయి.

బస్టాండు చేరేసరికి నాలుగూ పన్నెండు. దూరాల బస్సులు ఆగే చోట ఖాళీ, నేల మీద నూనె మరక. టైముల బోర్డు వెనక, అటువైపు నుంచి చూసేవాళ్ళకు కనపడకుండా, రుమాలు నోటికి పెట్టుకుని పిన్ని నిలబడి ఉంది.

మేస్త్రి ఆయాసపడుతూ వెళ్ళి పొట్లం ఆవిడ చేతిలో పెట్టాడు. సాకులు నాలుగైదు నాలుక మీదకు వచ్చాయి, అన్నీ మింగేశాడు.

"ఇవి పదకొండున్నరకే అయిపోయాయి పిన్నీ. మీరు వచ్చినప్పుడు నా వెనకాలే ఉన్నాయి. నేను అబద్ధం చెప్పాను."

"తెలుసు," అంది పిన్ని. గాలి ఎక్కువ, మాట తక్కువగా వచ్చింది. "చూశాను. నా వంకరపన్ను నాకు తెలీదా?"

మరి ఇమ్మని గదమాయించలేదేం పిన్నీ, అన్నాడు మేస్త్రి.

"అడుగుదామనే నోరు తెరిచాను అబ్బాయ్. అప్పటికే నువ్వు రేపు అన్నావు. ఆ రేపు తలుచుకోగానే ప్రాణం హాయిగా అనిపించింది. పళ్ళు లేక కనపడలేకపోయానని చెప్పుకోవచ్చు కదా. పదకొండేళ్ళనుంచి నాకు నేను చెప్పుకుంటున్న రేపే అది. ఇవాళ నీ నోట్లోంచి వచ్చింది, అంతే తేడా."

ఆవిడ తిట్టినా, చెంప మీద ఒకటి కొట్టినా మేస్త్రి తట్టుకునేవాడు. ఈ మాటకు మాత్రం ఆయన నిలువునా చిన్నబోయాడు. తను జనం దగ్గర తీసుకునేది ఒక్క రాత్రే కదా, దాంతో ఎవరికేం పోయింది అనుకుంటూ వచ్చాడు ఇన్నేళ్ళూ. ఆ ఒక్క రాత్రి చాటున ఎవరెవరు ఏమేం వాయిదా వేసుకున్నారో, ఎవరి బస్సులు వెళ్ళిపోయాయో ఆయన ఒక్కరినీ అడిగి ఎరగడు. సిగ్గుతో ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బస్సు ఆగిన పది నిమిషాలూ అక్క మెట్టు మీదే నిలబడి వచ్చేపోయే ప్రతి మొహాన్నీ వెతికిందట. కండక్టరు లోపలికి రమ్మంటే రెండుసార్లు ఆగమందట. చిక్కిపోయింది, నాకన్నా పొడుగుండేది, ఇప్పుడు లేదు, అంటూ పిన్ని రుమాలుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక, రుమాలు తీసేశాను కదా అని గమనించుకుంది కాబోలు, గోడవైపు తిరిగి పొట్లం విప్పి పళ్ళు పెట్టుకుంది. ఒకసారి దవడ ఆడించి చూసుకుంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి గొంతు ఎక్స్‌ఛేంజి గొంతు అయిపోయింది.

"ఆ బస్సు మళ్ళీ ఎక్కడ ఆగుతుందో కనుక్కో."

విచారణ కిటికీలో గుమాస్తా రిజిస్టరు మీద నుంచి తలెత్తకుండానే, వంతెన దాటాక డీజిలు పోయించుకుంటారు, పావుగంట ఆగుతారు, అని చెప్పాడు. తొమ్మిది కిలోమీటర్లు. పిన్ని మంచి చీర కుచ్చిళ్ళు దోపుకుని స్కూటరు వెనక ఎక్కి కూర్చుంది. జన్మలో ఆవిడ స్కూటరు ఎక్కడం అదే మొదలు. ఎక్కిన క్షణం నుంచి ఎలా నడపాలో చెప్పడం మొదలుపెట్టింది.

దారంతా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. మేస్త్రితో కాదు, అక్కతో అనవలసిన మాటలు అప్పజెప్పుకుంటోంది. పదకొండేళ్ళు నూరి ఉంచిన మాటలు, మామూలువా? మొదటి రెండు కిలోమీటర్లు పెళ్ళి గురించి, ఫోటో గురించి, నవ్విన రెండువందల మంది గురించి కడిగి పారేసింది. రైల్వే గేటు దగ్గరకొచ్చేసరికి, చిన్నప్పుడు మాత్రం నువ్వు తక్కువదానివా, నా జడ నువ్వు కత్తిరించలేదూ, దాకా వెళ్ళింది. గేటు దాటాక, జడ కత్తిరించి నువ్వే ఏడిచావనుకో, అంది. ఆ తర్వాత మాటలు ఒక్కొక్కటే రాలిపోవడం మొదలైంది. వంతెన ఎక్కేసరికి ఒక్కటీ మిగల్లేదు. మేస్త్రి భుజం మీద వేసిన చెయ్యి మాత్రం బిగుసుకుంది. చేసిన పాపం మధ్యలో కూడా ఆయన మేస్త్రి మేస్త్రే గనక, అన్ని గుంతల్లో ఎగిరినా ఆ పళ్ళు టకటకమనలేదని ఒక పక్క లోపల నమోదు చేసుకున్నాడు.

బస్సు అక్కడే ఉంది. పైపు ఇంకా దాని పొట్టలోనే ఉంది. ప్రయాణికులు కొందరు కాళ్ళు సాగదీయడానికి దిగారు. కుళాయి గట్టు దగ్గర చేతికర్ర పట్టుకుని ఒక ముసలావిడ నీళ్ళసీసా మూత తియ్యడానికి తంటాలు పడుతోంది. పిన్ని స్కూటరు ఆగకముందే దిగబోయింది. మేస్త్రి పట్టుకోకపోతే పళ్ళతో పాటు మనిషి కూడా రెండు ముక్కలయ్యేది. గబగబా నాలుగడుగులు వేసింది. అయిదో అడుగు పడలేదు. అక్కడే నిలబడిపోయింది.

అక్క తలెత్తింది. కళ్ళజోడు సరిచేసుకుని చూసింది. ఎవరో పోల్చుకోవడానికి ఆవిడకు ఎంతోసేపు పట్టలేదు.

"ఎందుకే ఇంత ఆలస్యం చేశావు?" అంది.

పదకొండేళ్ళ సరుకంతా దారిలో పారబోసుకుని వచ్చిన పిన్ని దగ్గర ఇక ఉన్న నిజం ఒక్కటే. "పళ్ళు బాగుకిచ్చాను అక్కా," అంది.

"పదకొండేళ్ళా?"

మేస్త్రి స్కూటరు పక్కన నిలబడి ఆ మాట విన్నాడు. తనను అన్నట్టే తల దించుకున్నాడు. ముందు ఎవరు నవ్వారో ఆయన చూడలేదు. తలెత్తేసరికి ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఊగిపోతున్నారు, చేతికర్ర కింద పడి ఉంది. అది నవ్వో ఏడుపో పక్కనున్నవాళ్ళకు తేలలేదు, వాళ్ళకు తేల్చే ఉద్దేశం ఉన్నట్టు కూడా లేదు. తర్వాత గట్టు మీద కూర్చుని ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. వినేది ఎవరో దేవుడికే తెలియాలి.

డీజిలు పైపు బయటికి వచ్చింది. డ్రైవరు గడియారం చూసుకుని, చెంప తడుముకుంటూ బస్సువైపు నడిచాడు. పావుగంటలో అక్కచెల్లెళ్ళకు దక్కింది అయిదు నిమిషాలే. మేస్త్రి ఆ చెంపను చూశాడు. ముప్ఫై నాలుగేళ్ళ కన్ను అది. గబుక్కున అడ్డం వెళ్ళి, ఎడమవైపు కట్టుడు పన్నేనా, దాని తీగ గుచ్చుకుంటోందా, అని అడిగాడు. డ్రైవరు బిత్తరపోయి అవునన్నాడు. నెల్లాళ్ళుగా నాలుక కోసుకుపోతోందట, కూర కారం తగిలితే ప్రాణం పోతోందట. మీ కొట్టెక్కడో చెప్పండి, వచ్చే వారం ఇటు వచ్చినప్పుడు దిగుతాను, అన్నాడు.

"వచ్చే వారం దాకా ఎందుకు నాయనా? నోరు తెరు," అన్నాడు మేస్త్రి.

బస్సు మెట్టు మీద కూర్చోబెట్టాడు. జేబులో ఎప్పుడూ ఉండే చిన్న ఆకురాయి తీశాడు. చెయ్యి కడుక్కుని రావడానికి వెళ్ళి, తీరిగ్గా కడుక్కుని వచ్చాడు. తీగ కొస చూసి, అబ్బో, చాలా సున్నితమైన పని, అన్నాడు. రాశాడు, ఆగి చూశాడు, మళ్ళీ రాశాడు, పుక్కిలించమన్నాడు, వెలుతురు చాలదని డ్రైవరును అటు తిప్పి కూర్చోబెట్టాడు. కిటికీల్లోంచి ప్రయాణికులు గొణిగారు. కండక్టరు వచ్చి ఇంకా ఎంతసేపు అన్నాడు. డ్రైవరు ఏదో చెప్పబోయాడు గాని నోట్లో మేస్త్రి రెండు వేళ్ళు ఉన్నాయి.

ఆ తీగ మొన నునుపు చెయ్యడం నిజానికి రెండు నిమిషాల పని. గట్టు మీద ఇద్దరు అక్కచెల్లెళ్ళ మాటలు ఒక కొలిక్కి వచ్చేదాకా మేస్త్రి ఆ నోట్లోంచి చెయ్యి తియ్యలేదు.